గట్లు లేని కాగితం

చీమకుర్తి దాటి రామతీర్థం పోయే రోడ్డులో
కాటా గది, నాకు రాత్రి డ్యూటీ.
రాళ్ళ లారీ వస్తే బరువు తీస్తాను, చీటీ రాస్తాను.
మళ్ళీ ఇంకోటి వచ్చిందాకా
ఆ గది నాదీ, దోమలదీ.

నిద్ర ఆపుకోడానికి పేపర్లో సుడోకు నింపేవాణ్ణి.
లెక్కల సారు హజరత్తయ్య
పక్క బంకులో టీ తాగుతా చూశాడు.
"మాల్యాద్రీ, ఇది పలకా బలపం ఆటరా.
ఉండు, నీకొకటి తెస్తా."

తెచ్చాడు.
తొమ్మిది తొమ్ముదులు ఎనభై ఒక్క గళ్ళు.
అంకెలు పదకొండే, అక్కడొకటి ఇక్కడొకటి,
బస్సు తప్పిపోయిన మనుషుల్లాగా.
లావు గీత ఒక్కటీ లేదు.
"ఇందులో తొమ్మిది మళ్ళు దాగుండాయి.
మడికి తొమ్మిదేసి గళ్ళు, ఒకదాన్నొకటి ఆనుకోని ఉంటాయి.
ఏ మడిలోనూ ఏ అంకే రెండుసార్లు రాదు.
అడ్డం నిలువుల సంగతి నీకు తెలిసిందే."
"మరి గట్లు యాడుండాయి సార్?"
"అదే గదరా లెక్క."
గ్లాసు కడిగి బల్లమీద బోర్లించి వెళ్ళిపోయాడు.

గట్టు తెలిస్తే అంకె తెలుస్తుంది.
అంకె తెలిస్తే గట్టు తెలుస్తుంది.
రెండూ తెలియనివాడు
మూడు రాత్రులు పెన్సిలు చెక్కుతా కూచున్నాడు.
నేల నిండా చెక్కపొట్టు.
పొద్దున ఊడ్చే రవణమ్మ ఒక మాటంది, అది ఇక్కడ రాయను.

నాలుగో రాత్రి, ఎడమ పైమూల దగ్గర
ఒక ఏడు ఇచ్చిందే ఉంది, మూలగడికి కుడిపక్కన.
ఇంకో ఏడు నేను కష్టపడి తేల్చింది, మూలగడికి కింద.
రెండూ మూలకు మూల తగిలి ఉండాయి.
ఒక మడిలో రెండు ఏళ్ళు ఉండవు.
అంటే వాటి మధ్య గట్టుంది!
ఎవరూ గీయని గట్టు,
నేను చూడకముందు కూడా అక్కడే ఉన్న గట్టు.
లేచి నిలబడ్డాను. చూసేవాళ్ళెవరూ లేరు. మళ్ళీ కూచున్నాను.

మూలగడికి తలుపులు రెండే.
ఒక తలుపు తీస్తే ఒక ఏడు, ఇంకో తలుపు తీస్తే ఇంకో ఏడు.
ఎటో ఒకటు పోక తప్పదు దానికి.
ఎటో తెలీదు.
నేను పైదానితో కలిపేశాను. ఎందుకంటే, ఏమో,
గీత చూడ్డానికి చక్కగా వచ్చింది.

ఆ చక్కదనమే రెండు గంటలు నన్ను తిప్పింది.
అంకెలు కుదరవు. కుదిరినవి ఇంకోచోట విరుగుతాయి.
రబ్బరు రుద్ది రుద్ది కాగితం అక్కడ
ఉల్లిపొర అయింది, వెనక బల్ల కనపడతా ఉంది.

రెండున్నరకి లారీ వచ్చింది,
రెండు గొలుసుల కింద నల్లటి దిమ్మ.
డ్రైవరు స్టీరింగు మీద తల పెట్టి కునుకుతున్నాడు.
చీటీ కోసం దిగినవాడు క్లీనరు, పొదిలి పిల్లోడు, మౌలాలి.
కిటికీలోంచి తల పెట్టి చూశాడు.
నియమం చెప్పాను, మాటల్లో ఏదో ఒకటి మాట్లాడాలి గదా అని.
వాడు గ్రీజు వేలితో, కాగితానికి తగలకుండా,
గాల్లోనే ఒక్కో గడీ లెక్కపెట్టుకుంటా పోయాడు.
"అన్నా, ఈ మడిలో పది ఉండాయే."

పది.
ఎన్నిసార్లు లెక్కపెట్టినా
మూలగడిని నాదే అనుకొని లెక్కలోంచి వదిలేశాను.
ఆ పదోదే మూలగడి.
కింద ఏడుతో పోవాల్సింది.

రబ్బరు మెల్లగా పెట్టాను, చిరగకుండా.
గట్టు జరిగింది. మూలలో ఎనిమిది పడింది.
ఎనిమిది పడగానే అడ్డంలో రెండు,
రెండు పక్కన గోడ, గోడ అవతల ఒకటి,
ఆ తర్వాత చెయ్యి ముందు, నేను వెనక.
ఒక మడి కొడవలి ఆకారంలో తేలింది,
ఒకటి మెట్లు దిగింది,
ఒకటి మాత్రం ఎందుకట్టా ఉందో ఇప్పటికీ అర్థం కాదు,
కానీ అదీ తొమ్మిదే.

"చీటీ అన్నా," అన్నాడు మౌలాలి.
తొందరలో నికర బరువు రాసే గడిలో
ఎనిమిది వేశాను, ఇరవై ఆరు టన్నులకు బదులు.
దానిమీద రబ్బరు పనికిరాదు.
కొట్టేసి, పక్కన సరైనది రాసి,
కింద సంతకం పెట్టి ఇచ్చాను.