రెండో ఇంటర్వెల్లు

హాలియా ఐసు ఫ్యాక్టరీల
తెల్లారగట్ల నాలుగున్నర.
ఉప్పునీళ్ళ తొట్టిల మూడువందల డబ్బాలు
సప్పుడు లేకుంట గడ్డ కడుతున్నయి.
నా ఫోన్ల ఏదో చలిదేశపు ఆట:
మంచు మీద జారుకుంట, వంకర కట్టెలు పట్టుకొని
ఒకలనొకలు గోడకు గుద్దుకుంట
నల్లటి బిళ్ళ ఒకదాన్ని ఉరికిస్తున్నరు.

ముత్యాలు తాత తొంగి చూసిండు:
"గంత ఐసు ఎవలు మోసిండ్రు బిడ్డా?"

ఇరవై నిమిషాలకు బూర మోగింది. అందరు లోపటికి పోయిండ్రు.
"అయిపాయెనా?"
"లే తాతా, ఇంటర్వెల్లు. పదిహేను నిమిషాలు.
ఇసొంటియి రెండుంటయి."
"పదిహేనా!" అన్నడు
కూలి పైసలు ఎక్కువొచ్చినోని లెక్క.
"నేను కబడ్డీ ఆడిన దినాలల్ల
కూతకూ కూతకూ నడుమ
ఉమ్మి మింగ సందు లేకుండె."

పదిహేను నిమిషాలు తాత చేతికిస్తే
ఎట్ల ఖర్సు వెడతడో నాకెరుకే.
మర్రిగూడ బోరునీళ్ళు తాగి పెరిగిన మోకాళ్ళు.
గోడ వట్టుకొని కూసునుడుకు నాలుగు.
బీడీ ముట్టిచ్చుడుకు ఒకటి,
ఈడ అగ్గిపెట్టె ఎప్పుడూ తడే.
లేసుడుకు అయిదు,
అండ్ల రెండు నా చెయ్యి వద్దనుడుకే పోతయి.
మిగిలినయి అయిదు.
గవే ఆయన సొంతం.

తెర మీద పెద్ద బండొకటి
ఎద్దులు అలిసిన నాగలి లెక్క మెల్లగ తిరుగుతున్నది,
పోట్లాడిన గీతల మీద నీళ్ళు పరుసుకుంట.
"ఉడుకునీళ్ళు తాతా.
ఉడుకువి పోస్తెనే నున్నగ కడుతదట."
నవ్వుతడనుకున్న. నవ్వలే.
మోకాలి చిప్ప మీద అరచెయ్యి వెట్టుకొని
బండి పోయిన జాగ దిక్కే చూసిండు.
అద్దం లెక్క ఉన్నది,
ఆడ ఎన్నడూ ఎవలూ పడనట్టు.

సాగరు చేపల బండి హారను.
మా బూర అదే.
డబ్బా పైకి గుంజి మామూలు నీళ్ళల్ల ముంచితె
గడ్డ జర్రున జారింది బయటికి.
అంచులు గాజు. నడుమ తెల్లటి ఈనె:
మా నీళ్ళల్ల ఏదో ఉన్నది,
గడ్డ కట్టమంటే కట్టక, జరిగి జరిగి
నట్టనడుమ చేరి నిలవడుతది.
పన్నెండు గడ్డలు ఎక్కిచ్చినం. పొట్టు కప్పినం.

మళ్ళ ఫోను దీసేసరికి
రెండో ఇంటర్వెల్లు, అప్పుడే షురువైంది.
గోడ దిక్కు చూపిచ్చిన, కూసో తాతా అని.

"లేసుడు ఖర్సు ఎందుకురా" అన్నడు.
కొక్కెం కట్టె మీద ఒరిగి, నిలవడే ఉన్నడు,
ఖాళీ మంచును చూసుకుంట,
పదిహేనుకు పదిహేను.