ఎండుచేపల త్రాసు

ఇలోయిలో రేవు వెనక, వాన వెలిశాక
లిగాయా పక్కకొట్టు త్రాసు అరువు తెచ్చింది.
ఎండుచేపల వాసనలో
బిలియర్డ్స్ బంతుల్ని ఒక్కొక్కటే తూచింది.

కొత్త సెట్టు అద్దంలా మెరుస్తోంది,
ఎనిమిదో నంబరు మాత్రం నాలుగు గ్రాములు తక్కువ.
ఢీకొంటే తడిసిన కొబ్బరిచిప్ప చప్పుడు.

బెల్జియం సెట్టుకి పద్దెనిమిదేళ్లు.
తెల్లబంతి ముసలిపంటిలా పసుపెక్కింది.
అన్నీ అరిగాయి,
అరగడంలోనూ ఒకదాన్నొకటి మోసం చేసుకోలేదు.
ఠక్కుమని ఇంకా ఒకటే మాట.

"ఇవే ఉంచుతా" అంది.

మూలబల్ల దగ్గర డొమినడోర్
కొత్త ఎనిమిదిని జేబులో వేసుకోబోయాడు:
"ఇదెటు వాలుతుందో నాకొక్కడికే తెలుసు.
పందెం రోజుకి పనికొస్తుంది."

లిగాయా దాన్ని లాక్కుని
మళ్లీ త్రాసులో పెట్టింది,
ఈసారి అవతలి పళ్లెంలో
అతని బాకీ చీటీలు.