నిద్ర లెక్క

ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు,
ఆపైన ఏడు రోజులు ఇల్లు.
అటకామా ఉప్పు మైదానంలో, లిథియం గనిలో
మా తమ్ముడు బెనిగ్నో షిఫ్టు అది.
గని అంటే గొయ్యి కాదు, మడుగులు.
నేల కింది ఉప్పునీటిని పైకి తోడి
నెలల తరబడి ఎండకు వదిలేస్తారు.
నీలం మెల్లగా పసుపుకు తిరుగుతుంది.
పసుపు ముదిరాక ట్యాంకర్లొస్తాయి.

నేను టొకొనావో బడిలో పిల్లలకు వండిపెడతాను.
ఇంటికొచ్చి వాడి నిద్ర రాస్తాను.
కలామాలో డాక్టరమ్మ చెప్పింది:
మనసెలా ఉందని తర్వాత అడుగు,
ఎన్నింటికి పడుకున్నాడో, ఎన్నింటికి లేచాడో
ముందు అది రాయి.

మంగళవారం ఆరు గంటలు.
బుధవారం నాలుగున్నర.
గురువారం మూడు. అలసట లేదట.
"నిద్ర తీరికున్నవాళ్ళ అలవాటే అక్కా" అని నవ్వాడు.

ఆ నవ్వు నాకు తెలుసు.
కిందటేడు పదకొండు కోడిపుంజుల్ని కొనుక్కొచ్చింది ఆ నవ్వే.
అర్ధరాత్రి వీధితలుపుకు మూడు రంగులు పూసింది.
జీతమంతా పోసి ఒక పాత పడవకు బేరమాడింది,
సముద్రం మూడు వందల కిలోమీటర్ల అవతల ఉంటే.
చెప్పకూడదు గానీ
ఆ పది రోజులూ వాడు అందంగా ఉన్నాడు.
ఊరంతా వాడి చుట్టూ చేరి వింది. నేనూ విన్నాను.

తర్వాత అదే మనిషి
గోడవైపు తిరిగి పద్నాలుగేసి గంటలు.
చారులో ఉప్పు చాలిందా అంటే
"ఉప్పు మాటెత్తకు" అన్నాడు, అంతే.

ముందు నిద్ర పోయిందా, మనసు పోయిందా?
డాక్టరమ్మ పెన్ను మూత పెట్టి, తీసి,
రెండు వైపులా తెరుచుకునే తలుపు అంది.
నాకు పుంజులు గుర్తొచ్చాయి.
తెల్లవారుజాము మూడింటికి గని బస్సు మలుపు తిరిగితే
దాని దీపాలు చూసి పదకొండూ ఒక్కసారి కూసేవి.
వాటి తప్పేముంది, వెలుగొచ్చింది, కూశాయి.
వాడి లోపల కూడా ఒకటుంది అలాంటిది,
ఫ్లడ్‌లైటును పొద్దనుకునేది.

వాడు తోడే నీళ్ళలోదే వాడు మింగే మాత్రలోనూ.
దాంతో ఎక్కడెక్కడో కార్లు పరుగెడతాయట.
వీడు ఆగడానికీ అదే.
చేతులు కొంచెం వణుకుతాయి, దాహం ఎక్కువ,
ఉప్పు మైదానంలో దాహం సంగతి ఎవరికి చెప్పుకోవాలి.

శుక్రవారం నోటుబుక్కు చంకన పెట్టుకుని
ఫోర్‌మన్ అలీరో దగ్గరికెళ్ళాను.
రాత్రి షిఫ్టు వద్దు, పగలు చాలు అన్నాను.
భత్యం పోతుంది అన్నాడు.
పోనీ అన్నాను, వాడినడక్కుండానే.
బెనిగ్నో సంతకం పెట్టాడు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు.
కిటికీకి నల్ల దుప్పటి కొడుతుంటే మాత్రం
మేకులు అందించాడు.

ఇప్పుడు పదింటికి దీపం ఆర్పుతాం.
పుంజుల్లో నాలుగు మిగిలాయి, వాటినీ దొడ్లో చీకట్లో మూస్తాం.
నేను వాడి గుమ్మం దగ్గర కూర్చుని
ఊపిరి లెక్కపెడతాను, ఎన్ని జాములో తెలియదు.

నిన్న రాత్రి నీళ్ళకని లేచాడు.
నన్ను చూశాడు. ఏమీ అనలేదు.
ఒళ్ళోంచి నోటుబుక్కు తీసుకుని
తన పేరు కింద కొత్త గీత గీశాడు.
అక్క అని రాసి, పక్కన సున్నా చుట్టి,
కాసేపు ఆలోచించి
కొట్టేసి
ఒకటి అని దిద్దాడు.