ఇరవై ఎల్లిగడ్డ రెబ్బలు

ఇప్ప రాలే నెల. తాడ్వాయి అవతల
పాయం లచ్చక్క వాకిట్లో కూర్చుని
కొరియా కథ ఒకటి చెప్తున్నా.
ఆమె కారంలోకి ఎల్లిగడ్డ పొట్టు తీస్తోంది.

గుహలో ఒక పులి, ఒక ఎలుగు.
మనుషులం కావాలని మొక్కితే
దేవుడి కొడుకు ఇచ్చినవి
ఇరవై ఎల్లిగడ్డ రెబ్బలు, పిడికెడు మాచిపత్రి.
నూరు రోజులు ఎండ చూడొద్దన్నాడు.
పులి తాళలేక వెళ్లిపోయింది.
ఎలుగు ఇరవై ఒకటో నాటికే ఆడదయింది.

"చవితికి ములుగు అంగట్ల అమ్ముతరు, ఆ మాచిపత్రేనా?"
అదే అన్నాను.

ఇంకా ఉత్తరాన, మంచుదుప్పుల మంద వెంట
గుడారం మోసుకు తిరిగే ఎవెంకీలు
ఎలుగును పేరుపెట్టి పిలవరట, తాత అంటారట.
"మేమూ రాత్రిపూట పామును పురుగనే అంటం."

సముద్రం అవతల ఐనూ తల్లులు
ఎలుగు కూనకు తమ పాలే పట్టి, సాకి,
పెద్దయ్యాక బాణాలతో సాగనంపేవారట
దేవతల ఇంటికి.

లచ్చక్క చెయ్యి ఆగింది.
చెవి నుంచి మెడ దాకా ఆమెకు నాలుగు గీతలు.
పదిహేడో యేట, తెల్లారకముందే, ఇప్పచెట్టు కింద
ఇద్దరూ ఒకే పువ్వుకు వంగినప్పటివి.
"దాని తప్పు లేదు, ముందుగాల వచ్చింది అదే"
అంటుంది ఎవరడిగినా.

చాటలో పొట్టు ఊదేసి అంది:
"ఆడదయింది, సరే.
మళ్ల ఎలుగు కావాలంటే
ఏం తినాలె?"

పుస్తకంలో లేదు.

మర్నాడు చీకటితోనే వెళ్లాం. గంప నిండింది.
చెట్టుకు పడమటి పక్క రాలినవాటిని
ఆమె ముట్టలేదు, నన్నూ ముట్టనియ్యలేదు.