బెజ్జాల వరస

ఎనిమిది మార్కుల ప్రశ్నంట.
రెండు ముక్కలైన దేశంలో
ఆ ముక్కా ఈ ముక్కా యుద్ధానికి దిగిందెందుకు,
కారణాలు రాయి, అని ఉందంట.
రాయి అనే మాట నాకు ఇంకోలా వినపడిద్ది.

మా సుకన్య గైడు మూసి, కళ్ళు మూసి
వల్లె వేస్తంది:
ఒకటి, పటం మీద ఎవరో గీసిన గీత.
రెండు, గీతకి అటొకటీ ఇటొకటీ
ఎగదోసిన పెద్ద దేశాలు.
మూడు దగ్గర ఆగింది.
నాన్నా, నీకేమన్నా తెలుసా, అంది నవ్వుకుంటా.

నాకేం తెలుసు అమ్మాయ్.
కొరియా యాడుందో కూడా తెలవదు.
చీమకుర్తి క్వారీలో ఇరవై రెండేళ్ళు
రాతిని రెండు చేసినోణ్ణి, అంతే.

రాయి దెబ్బకి చీలదు.
చూసేవాళ్ళకి ఆఖరి సమ్మెట దెబ్బే కనపడిద్ది.
అంతకు ముందు మేస్త్రి వచ్చి
ఎర్రసుద్ద తాడు కొట్టి పోతాడు,
టీ చల్లారేలోపు.
ఆ గీత మీద జానెడుకొక బెజ్జం దించుతాం మేం,
ముక్కుకి తువ్వాలు కట్టుకుని, పొద్దు వాలిందాకా.
మొదటి బెజ్జానికి రాయి ఏమీ అనదు.
పదో దానికీ అనదు.
చీలలు దిగేసి వరసన తట్టుకుంటా పోతే
లోపల యాడో
పాత చీర చిరిగినంత చప్పుడు.

చీలాక చూడాలి.
రెండు ముక్కల మొహానా సగం సగం బెజ్జాలే.
గాయం నాదే అనిద్ది ఇది. నాదే అనిద్ది అది.
డ్రిల్లు పట్టినోడు అప్పటికే
అవతల బెంచీ మీద ఇంకో గీత కాడుంటాడు.

ఇది రాయనా నాన్నా, అంది.
వద్దన్నా.
చీలిన రాళ్ళు కొట్టుకోవమ్మాయ్.
నా లెక్క అక్కడ తప్పింది.

కొట్టుకుంది మేం.

యూనియన్ ఒకటే ఉండేది.
ఒకే జెండా కర్ర, ఒకే చందా డబ్బా.
నేనూ కాలేషా ఒకే డ్రిల్లు మీద.
అతను పట్టు, నేను నీళ్ళు.
చేతులు తిమ్మిరెక్కితే
నేను పట్టు, అతను నీళ్ళు.
సగం మందికే కూలి పెంచిన ఏడు
యూనియన్ రెండయింది.
ఆ పేర్లు ఏ గదిలో ఎవరు రాశారో మేం చూళ్ళా.
రేకుల షెడ్డుకి నడిమిన పట్టా కట్టాం.
క్యారియర్లు అటూ ఇటూ అయినయ్.
వాళ్ళింటి చింతచిగురు వాసన మాత్రం
పట్టా కింద నించి దూరి వచ్చేది,
మధ్యాన్నం ఒంటిగంటకి.

పోలీసులు రాసుకుంది: నీళ్ళ ట్యాంకర్ కాడ తగాదా.
మావాళ్ళు చెప్పింది: ముందు వాళ్ళే తిట్టారు.
వాళ్ళు చెప్పిందీ అదే, అక్షరం పొల్లు పోకుండా.
నా కారణం ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలా.

కాలేషా వంగాడు.
బిందె కోసమో, జారిన చెప్పు కోసమో,
రాయి కోసమో.
ఎందుకో తెలీలా నాకు.
తెలీకపోటమే.
నా చేతిలో పెచ్చు అప్పటికే ఉంది.
అదెందుకు ఉందో కూడా అడుగు.

అతనికి ఎడమ కన్ను పోయింది.

సుకన్య పెన్ను పట్టుకునే ఉంది, రాయలా.
భయం ఎన్నో పాయింటు అమ్మాయ్, అన్నా.
గైడులో లేదు నాన్నా, అంది.
నవ్వలా ఈసారి.

మొన్న ఒంగోలు పెద్దాసుపత్రిలో
ఎక్స్‌రే వరసలో నా ముందు అతనే.
ఫిల్ము కిటికీ వెలుతురికి ఎత్తి
ఉన్న కంటితో శానాసేపు చూసుకున్నాడు.
వెనక నించి నేనూ చూశా.
గెలాక్సీ రాతిలో చుక్కలున్నట్టే,
కాకపోతే తెల్లగా.
నా దాంట్లోనూ అంతే ఉన్నయ్,
నేను లెక్కపెట్టుకున్నా.

దగ్గు తెర పట్టింది అతనికి.
గోడకి చెయ్యి ఆనించి, వంగి, 
ఆగకుండా.
నా చేతిలో నీళ్ళ సీసా.
అతను పట్టు, నేను నీళ్ళు.

మూత తీశా.
విదిలిస్తాడేమోనని
మళ్ళీ బిగించా.