ఆరువందల ఇరవై మూడు

మంథని గ్రంథాలయంలో ఓడలకు
ఆరువందల ఇరవై మూడో నంబరు ఇచ్చారు.
కిటికీ పక్కన, కింది అర. వాన పడ్డప్పుడల్లా
ముందు తడిసేవి ఓడలే.

మొత్తం నాలుగు పుస్తకాలు.
ఒకటి ఇంగ్లీషుది, ఇటుకంత లావు. బొమ్మల పేజీలు
చెమ్మకు ఒకదానికొకటి అతుక్కుపోయి
ఇనుప ఓడ కడుపులో ఏముందో ఎవరికీ చూపవు.
ఒకటి పిల్లలది. ఓడ ఎర్రగా, సముద్రం నీలంగా,
కట్టినవాడు ఎక్కడా లేడు.
మూడోది పోటీ పరీక్షలది. ఓడల కర్మాగారం ఎక్కడుంది?
విశాఖపట్నం. ఒక మార్కు. పేజీ తిప్పు.
నాలుగోది చరిత్ర. మోటుపల్లి రేవులో
ఓరుగల్లు రాజు రాతి మీద చెక్కించిన అభయం:
గాలివానకు పగిలి ఒడ్డుకొచ్చిన ఓడల సరుకు
ఇక గుంజుకోము, సుంకం మాత్రమే తీసుకుంటామని.
కర్పూరానికెంత, గంధానికెంత, ఏనుగు దంతానికెంత,
అంతా ఉంది.
పగిలిన ఓడకు మళ్లీ పలక వేసిందెవరో
రాయికి తెలియదు.

సముద్రం కనిపించని ఊళ్లో కూర్చుని
సముద్రానికి మాటిచ్చిన రాజు మీద నాకు గౌరవమే.
అయినా ఆ రోజు ఇంగ్లీషు పుస్తకాన్ని సంచీలో వేసుకుని
గోదావరి ఒడ్డుకు, వడ్ల ఓదేలు దగ్గరికి పోయాను.

వంతెన రాకముందు ఆయన్ను అందరూ
ఓడ ఓదేలన్న అనేవాళ్లు.
ఇప్పుడు తలుపులు చేస్తాడు. సామెత ఉంది కదా,
ఏరు దాటేదాకా ఓడమల్లన్న. తర్వాతి సగం
ఆయనే చెప్పి, తన బట్టతల తడుముకుని నవ్వాడు.

అక్షరాలు రావు. అతుక్కున్న పేజీలను
ఉలి అంచుతో, ఉల్లిపొర తీసినట్టు విడదీశాడు.
అడ్డంగా కోసిన ఓడ బొమ్మ బయటపడింది.
చాలాసేపు చూశాడు.

"వెన్నుకట్టె మంచిగనే వెట్టిండు. పక్కబొక్కలు గూడ సక్కగున్నయి.
గీసినోడు పనోడే.
గని నీళ్లు ఏడిదాక వస్తయో గీయలే.
నీళ్లు లేకుంట అది ఓడేంది సారూ? పెట్టె."

నోట్‌బుక్ తీశాను. చెప్పు, రాసుకుంటా.
మద్దిచెక్కను ఎట్లా వంచుతావు?
"తడిగోనె కప్పి పిడకల సెగ వెట్టాలె."
ఎంతసేపు?
"వంగెదాక."
వంగిందని ఎట్లా తెలుస్తది?
"అదే చెప్తది."
నూనెలో గుగ్గిలం ఎంత కలపాలి?
ఆయన బొటనవేలు, చూపుడువేలు కలిపి, విడదీసి
వాటి మధ్య సాగిన, లేని దారాన్ని చూపించాడు.
దాన్ని ఎలా రాయాలో తెలియక
ఇంతవరకూ ఆ వరుస ఖాళీగానే ఉంది.

పుస్తకాలను తప్పుపట్టను. ఇరవై ఆరేళ్లు వాటి దుమ్ము తిన్నాను.
రాసేవాళ్లు ఓడ నీళ్లలోకి దిగే రోజు వస్తారు,
కొబ్బరికాయ కొట్టే చేతిని చూసిపోతారు.
ఓదేలు మనవడు రాజలింగు విశాఖలో
ఓడలకు వెల్డింగు చేస్తాడు. వాడూ ఫోన్లో ఇదే అన్నాడట:
"అతుకు మంచిగ పడితె సూడనక్కర్లే తాతా,
కాగిన నూనెల జిలకర వేసినట్టు సప్పుడైతది."
ఏ పుస్తకంలో ఉందిరా అది అంటే
గట్టిగా నవ్వి పెట్టేశాడట.

చీకటి పడేటప్పుడు ఓదేలు
చెవి మీది ఎర్ర పెన్సిలు తీసి
బొమ్మలో ఓడ పొట్టకు అడ్డంగా ఒక గీత గీశాడు.
కొంచెం వంకర. చెయ్యి వణికిందో, అలనే గీశాడో.
"ఈడిదాక."

గ్రంథాలయ నియమం: పుస్తకంలో గీతలు గీస్తే జరిమానా.
పది రూపాయలు నా జేబులోంచే కట్టాను.
రిజిస్టరులో 'నష్టానికి కారణం' అన్న గడి దగ్గర
కలం పట్టుకుని కాసేపు ఆగి,
నీళ్లు, అని రాశాను.