అడ్డగీత

దేవరకొండ నుంచి డిండి దిక్కు పోయే తొవ్వల
ఎడమచేతి పక్క ఒక దర్వాజ నిలవడి ఉంటది.
దానికి గోడ లేదు.
గడి రాళ్లు ఎన్నడో బండ్లెక్కి పోయినయి,
కొన్ని బడి బునాదికి, కొన్ని కల్లు దుకాణం మెట్లకు,
రెండు మా బాయి గడ్డకు, బట్టలు ఉతుక.
మిగిలింది రెండు నిలువుల కమాను,
ఇనుప ములుకుల టేకు తలుపు,
దాన్ని ఆనుకొని కావలి అర్ర.
ఆ అర్రల నా పంక్చర్ దుకాణం.

మా తాత మదార్ సాబ్ ముప్పై ఏండ్లు
ఇదే గడప మీద కూసున్నడు.
పెద్ద తలుపు దొర మేనాకు, ఎనుకటేండ్లల్ల దొర మోటరుకు.
మిగిలినోళ్లకు తలుపుల తలుపు, దిడ్డి.
మనిషి రొమ్మెత్తు కూడ ఉండది.
"వంగుమని నేనెన్నడన్న చెప్పిన్నా?
తలుపే చెప్పేది" అనేటోడు.

అర్ర లోపటి గోడకు, సున్నం మీద, మొలతోటి గీతలు.
సదువు రాదాయనకు.
ఎవలన్న లోపటికి పోతే ఒక నిలువు గీత,
మళ్ల బయటికొస్తే దాని మీద అడ్డగీత.
వడ్లు దంచ పోయినోళ్లు, విస్తర్లు కుట్ట పోయినోళ్లు,
నాగు తీర్చలేక ఎడ్లను అప్పజెప్ప పోయినోళ్లు,
ఎందుకు పిలిచిన్రో తెల్వక పోయినోళ్లు.
ఈ లెక్క దొర అడిగింది కాదు.
మరెందుకు రాసినవ్ తాతా అంటే
బీడి ఆరిపోయేదాక మాట్లాడకపోయేది.
"పొద్దుగూకినంక తాళమెయ్యాలె గద.
లోపట ఎవలు మిగిలిన్రో నాకన్న తెల్వొద్దా?"

పోయినేడు పట్నం నుంచి ఒక మేడమొచ్చింది.
కమాను కొలిచింది, ములుకులు లెక్కవెట్టింది,
నూట పన్నెండని రాసుకున్నది.
గీతలు చూసి, "పిల్లలు గీకిన్రా?" అన్నది.
"సున్నమేపిస్తం. బోర్డు వెడ్తం. మంచిగైతది."
నేనప్పుడు లూనా ట్యూబు తొట్టిల ముంచుతున్న.
గాలి ఏడికెళ్లి పోతుందో ఉత్త కంటికి కనవడది,
నీళ్లల్ల వట్టి ఒత్తాలె,
అప్పుడు బుడగలొస్తయి, సన్నగ, ఒకదానెనుక ఒకటి.
ఆమెకు ఏం చెప్పలే.

రాత్రి సెల్లు లైటు వట్టి లెక్కవెట్టిన.
రెండుసార్లు తప్పిన. మూడోసారి కుదిరింది.
అడ్డగీత లేనివి ఏడు.
ఆరు ఒక తీరు పొడుగు.
ఏడోది జానెడన్న లేదు.
మనిషి ఎత్తును బట్టి గీసేటోడని
యాభై ఏండ్లొచ్చినంక నాకెరుకైంది.
ఆ పొట్టి గీతకు దిడ్డిల వంగే పని వడి ఉండది.
నిటారుగనే పోయి ఉంటది.

ట్యూబుకైతే చిల్లి కాడ గీకి, సల్యూషన్ రాసి,
రబ్బరు ముక్క అతికి, సుత్తెతోటి మెల్లగ కొడ్త.
గోడకేం జేస్తరు?
సున్నపోళ్లు వచ్చే పొద్దు
పాత ట్రాక్టర్ టైర్లన్ని తెచ్చి ఆ మూలకు పేర్చిన.
"తియ్యి సాబూ" అన్నరు.
"నడుం నొస్తుంది, రేపు తీస్త" అన్న.
ఆ రేపు ఇంక రాలే.
మూడు గోడలు తెల్లగైనయి.

ఇప్పుడు రోజు దుకాణం మూసే ముంగట
దర్వాజల నిలవడి ఒకసారి లోపటికి చూస్త.
లోపట అంటే ఏమున్నది, పత్తి చేను.
"ఎవలన్న ఉన్నరా?" అని కేకేస్త, అలవాటైంది.
ఒకోనాడు చెన్నమ్మ పలుకుతది,
ఏరిన పత్తి మూట నెత్తిన వెట్టుకొని:
"నేనే సాబూ, ఇంకెవల్లేరు."
దర్వాజ బార్లా తెరిచే ఉంటది.
ఆమె మాత్రం చుట్టు తిరిగి,
గోడ లేని జాగల నుంచి,
గోడను దాటినట్టు కాలెత్తి దాటి పోతది.